పుర్రె మొహం, చెవి వెనక చుక్క

తన కూతురు దానా మొహం మీద పుర్రె బొమ్మ వెయ్యాలని ఇంటి యజమానురాలు మామా చెప్పినప్పుడు వెంకటేశ్వరి చేతిలోని ఇస్త్రీపెట్టె అలాగే ఆగిపోయింది. గుడ్డ మాడిన వాసన వచ్చి మామా కసిరితే గాని ఆమె ఈ లోకంలోకి రాలేదు.

"పుర్రె అంటే, చచ్చిపోయినవాళ్ల తలకాయా మామా?" అని తనకు వచ్చిన అరబ్బీలో అడిగింది.

"అదే. హాలోవీన్ అంటారు. గురువారం సాయంత్రం దానా స్నేహితురాలి ఇంట్లో పిల్లల పార్టీ. అందరూ దయ్యాల్లా వేషాలు వేసుకొస్తారు. ఉత్త ఆట" అంది మామా, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. "కొన్ని అలంకరణ బొమ్మలు కూడా చెయ్యాలి. వీడియోలు పంపిస్తాను. అన్నీ సులువే, మొదటిసారి చేసేవాళ్లకోసం పెట్టినవి." ఆ తర్వాత గొంతు తగ్గించి, "మా అత్తగారికి మాత్రం తెలియకూడదు. ఆవిడకు ఇలాంటివి గిట్టవు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

వెంకటేశ్వరిది అన్నమయ్య జిల్లాలో చిట్వేలు దగ్గర ఒక పల్లె. భర్త మునీంద్ర తాపీపని చేస్తాడు, కూతురు ఇంటర్ చదువుతోంది. ఈ అరబ్బు దేశంలో, ఎగైలా పేటలోని ఈ ఇంట్లో పనికి చేరి నాలుగేళ్లయింది. వచ్చేటప్పటికి దానాకు నాలుగేళ్లు, ఇప్పుడు ఎనిమిది. ఆ పిల్లకు తల దువ్వేదీ, అన్నం తినిపించేదీ, జ్వరం వస్తే పక్కన కూర్చునేదీ ఈమే. నోరు తిరక్క దానా ఆమెను "వెంకా" అని పిలుస్తుంది.

రంగులు ఆమెకు కొత్త కాదు. తండ్రి ఓబులేసు వీధినాటకాల్లో వేషాలు కట్టేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని రాతి మీద పసుపుపచ్చటి అర్దళం ముక్కలు నూరి, కొబ్బరినూనెతో కలిపి, ఆటగాళ్ల మొహాలకు పూతలు పూసింది. పూత పలచగా ఉండాలనీ, ఒకటి ఆరాకే రెండోది వెయ్యాలనీ, కంటి కింద గీత గీసేటప్పుడు ఎదుటివాణ్ణి పైకి చూడమనాలనీ ఆమెకు ఎవరూ నేర్పనక్కర లేదు. కానీ అవన్నీ రాజుల మొహాలు, దేవతల మొహాలు. బతికున్న బిడ్డ మొహం మీద చావు మొహం గియ్యడం ఆమె ఎరగదు.

మరునాడు డ్రైవరు మెహరాజ్ ఆమెను దజీజ్ బజారుకు తీసుకెళ్లాడు. అతనిది రాయచోటి. ఆమెకంటే పదేళ్లు పెద్ద, సొంత చెల్లెలిలా చూస్తాడు. గోడౌన్లంత పెద్ద దుకాణాల్లో తిరిగి కాగితపు ప్లేట్లు, నారింజరంగు డబ్బా, బ్రష్షులు, గాజుగుడ్డ చుట్టలు, మొహానికి పూసే ఆరు రంగుల పెట్టె కొన్నారు. తిరిగి వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర బండి ఆగింది.

"అన్నా, నాకి బయంగా ఉండాది. ఈ పని తప్పించుకునే దారేదన్నా చెప్పన్నా" అంది వెంకటేశ్వరి.

"మామా చెప్పినాక ఎట్ల తప్పించుకుంటావు? చెయ్యి. కాకపోతే ఒగ మాట ఇను. ఎంటికలు, దారాలు, నిమ్మకాయలు, ఇట్లాంటివి నీ రూములో పెట్టుకోవాకు. రమణి సంగతి గుర్తుండాది గదా?"

గుర్తు లేకపోవడమేమిటి. రమణి, తనూ ఒకే విమానంలో వచ్చారు. ఊళ్లో అందరు ఆడవాళ్లలాగే రమణి కూడా తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు చుట్టి దాచిపెట్టేది, ఎప్పుడో స్టీలు సామాన్లవాడికి వెయ్యొచ్చని. ఆ ఉండలు ఆ ఇంటివాళ్ల కంటపడ్డాయి. సెహర్ అన్నారు. సెహర్ అంటే చేతబడి. ఆ మాట ఈ దేశంలో ఒక పనిమనిషి మీద పడిందంటే ఇక కడుక్కునే నీళ్లుండవు. ఏడ్చినా, ఒట్టు వేసినా వినకుండా కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, మూడో రోజునే ఆమెను విమానం ఎక్కించాడు. ఊరికి వెళ్లాక కూడా ఆ మాట రమణిని వదల్లేదు. నలుగురు కూర్చున్నచోట ఆమెను చూసి గొంతులు తగ్గించుకునేవారు.

"మామా కబీర్ ఇంట్లో లేదు గదా, అదొగటి నయం" అన్నాడు మెహరాజ్, బండి కదిలిస్తూ.

మామా కబీర్ అంటే మామా అత్తగారు. డెబ్బై ఏళ్ల మనిషి. కింది గదిలో ఉంటుంది, తెల్లవారుజాము నుంచి ఖురాన్ చదువుకుంటూ. ఆ వారం జహ్రాలో కూతురింటికి వెళ్లింది, శనివారం గాని రాదు.

మూడు రోజులు సాయంత్రం పూట మేడ మీద బట్టలుతికే గదిలో పని సాగింది. దానా బడి నుంచి వచ్చి అన్నం తిన్న వెంటనే పైకి పరుగెత్తుకొచ్చేది. కాగితపు ప్లేట్లకు నారింజరంగు పూసి, ఆరాక నల్లరంగుతో మూడు మూలల కళ్లూ, పళ్లూ వేసి గుమ్మడికాయలు చేశారు. సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన రాళ్లకు తెల్లరంగు వేసి నడుమ నల్లగుడ్లు దిద్దారు. బొటనవేలు వదిలి దానా అరచేతికి నల్లరంగు పూసి అట్ట మీద రెండుసార్లు అద్దితే ఎనిమిది కాళ్ల సాలీడు అయింది. దాన్ని చూసి పిల్ల ఎంత నవ్విందంటే వెంకటేశ్వరి కూడా తన భయం మరిచి నవ్వింది.

చివరగా చిన్న లబన్ సీసాకు, అంటే ఖాళీ మజ్జిగ సీసాకు, గాజుగుడ్డ చుట్టి, దారంతో గట్టిగా ముళ్లు వేసి, రెండు కళ్లు అతికించి దయ్యం పాప చెయ్యాలి. అది అయ్యాక దానా, "దీనికి జుట్టు కావాలి వెంకా" అంటూ కిందికి పరుగెత్తి తన దువ్వెన పట్టుకొచ్చింది. అందులో చిక్కుకున్న వెంట్రుకలు లాగి, జిగురు రాసి, సీసా తల మీద అద్దేసింది.

"వద్దు, వద్దు దానా! తీసెయ్ తల్లీ!"

"ఎందుకు? బాగుంది కదా!"

ఎందుకో ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా చెప్పాలి? వెంకటేశ్వరి చెయ్యి ముందుకు చాపింది. పిల్ల పెదవి ముడుచుకోవడం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆరాక తీసేద్దాంలే అనుకుంది. ఆ ఆరాక అన్నది మళ్లీ రాలేదు.

గురువారం మూడు గంటలకు దానాను కుర్చీలో కూర్చోబెట్టింది. రంగు పడుతుందో లేదోనని ముందురోజే పిల్ల మణికట్టు మీద చిన్న మరక పెట్టి చూసింది, దద్దురు రాలేదు. స్పాంజి తడిపి పిండి, తెల్లరంగు పలచగా అద్దింది. అది ఆరేదాకా పుస్తకంతో విసిరింది. కళ్ల చుట్టూ నల్లటి గుంటలు, ముక్కు కొన మీద తలకిందులైన ఆకులా ఒక మచ్చ, పెదవుల మీదుగా చెంపలదాకా పళ్ల గీతలు. "ఊపిరి బిగబట్టు. ఇప్పుడు పైకి చూడు." ఒక్కొక్క గీతకూ ఆ పిల్ల కొంచెం కొంచెంగా మాయమైపోతోంది. బుగ్గలు పోయాయి. ముక్కు పోయింది. తను నాలుగేళ్లుగా ముద్దలు పెట్టిన నోరు పోయి, ఆ చోట పళ్లు మిగిలాయి.

పని అయ్యాక దానా అద్దంలో చూసుకుని గంతులు వేసింది. వెంకటేశ్వరి రంగుపెట్టె మూత పెట్టబోయి ఆగింది. ఇంత పని చేశాక ఊరికే పంపించడానికి మనసొప్పలేదు. జడ సరిచేస్తున్నట్టు వంగి, చిటికెనవేలితో నల్లరంగు తీసి, పిల్ల ఎడమ చెవి వెనక మినపగింజంత చుక్క పెట్టింది. దిష్టిచుక్క. ఎవరూ చూడలేదు.

మామా వచ్చి చూసి మెచ్చుకుంది. అలంకరణలన్నీ అట్టపెట్టెలో వేసుకుని, పిల్లను తీసుకుని, మెహరాజ్ బండిలో వెళ్లిపోయింది.

వెంకటేశ్వరి మేడ మీద రంగుల మరకలు కడిగి, బ్రష్షులు దాచేసి కిందికి వచ్చేసరికి హాలు తలుపు తెరిచి ఉంది. చెప్పుల అర పక్కన మామా కబీర్ నిలబడి ఉంది, నల్ల అబాయా ఇంకా తియ్యలేదు. కూతురింట్లో పిల్లలకు జలుబులు పట్టాయని మనవడు ఆమెను రెండు రోజులు ముందుగానే తెచ్చి దించి వెళ్లాడు. ఆమె చేతిలో దయ్యం పాప ఉంది. పెట్టె మోసుకెళ్లే హడావుడిలో జారిపడినట్టుంది.

"షినూ హాదా?" అంది ముసలామె. ఏమిటిది అని.

తెల్లటి గుడ్డ. చుట్టూ దారం. దారానికి ముళ్లు. తల మీద వెంట్రుకలు. ఇప్పుడు పెద్దామె కళ్లతో చూస్తే ఆ బొమ్మ వెంకటేశ్వరికే ఇంకోలా కనిపించింది.

"ఆట మామా. పిల్లల ఆట."

"ఎవరు చేశారు?"

"నేను."

"ఈ జుట్టు ఎవరిది?"

ఆలోచించేలోపే నిజం నోట్లోంచి వచ్చేసింది. "దానాది."

ముసలామె మొహం పాలిపోయింది. వెనక్కి రెండడుగులు వేసి గోడ పట్టుకుంది. తర్వాత హాలు తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి పిడికిట్లో పెట్టుకుంది.

హాలోవీన్ అన్న ఒక్క మాట చెబితే గండం గడవొచ్చు. కానీ ఆ మాట చెబితే మామా గుట్టు బయటపడుతుంది. మామా కోపగించి, తనకేమీ తెలియదంటే అప్పుడు ఎవరు దిక్కు? చెప్పకపోతే చేతబడి చేసిన మనిషిని, చెబితే యజమానురాలి మీద చాడీలు చెప్పిన మనిషిని. వెంకటేశ్వరి తల వంచుకుని నిలబడింది. రమణి విమానం దిగి ఊళ్లోకి నడిచిన దారి ఆమె కళ్ల ముందు కనిపించింది. ఆ దారిలో ఇప్పుడు తన కూతురు కాలేజీకి వెళ్తుంది.

"విప్పు" అంది ముసలామె, బొమ్మను బల్ల మీద పెట్టి. "ఒక్కొక్క ముడీ విప్పు. నా ఎదురుగా."

వెంకటేశ్వరి నేల మీద కూర్చుంది. పైన ముసలామె సన్నటి గొంతుతో ఖురాన్ వాక్యాలు చదవసాగింది. దారానికి జిగురు పట్టి ముళ్లు రాయిలా ఉన్నాయి. గోళ్లు జారుతున్నాయి. ఒక ముడి ఎంతకీ రాక నోటి దగ్గరికి తీసుకుంటే, "నోరు పెట్టకు! ముడి మీద ఊదితే సెహర్ బిగుస్తుంది!" అని ముసలామె కెవ్వున అరిచింది. ఆ అరుపులో కోపం కంటే భయమే ఎక్కువగా వినిపించింది. వెంకటేశ్వరి తల ఎత్తి చూసింది. ముసలామె తాళంచెవి పట్టుకున్న పిడికిలిని గుండెకు అదుముకుంది. ఈ ఇంట్లో భయపడుతున్నది తను ఒక్కతే కాదని అప్పుడు అర్థమైంది. అయినా ధైర్యం రాలేదు. భయపడిన మనిషి ఏమైనా చేస్తుంది.

పదకొండు ముళ్లు. ముసలామె వేళ్ల మీద లెక్కపెట్టింది. గుడ్డ ఊడి, లోపల ఖాళీ లబన్ సీసా బయటపడింది. ముసలామె దాన్ని తిప్పి తిప్పి చూసింది, మూత తీసి లోపలికి చూసింది. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా ఆమెకు నచ్చినట్టు లేదు. ఫోన్ తీసి కోడలికి చేసింది. "పిల్లను తీసుకుని ఇప్పుడే ఇంటికి రా" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

అరగంట గడిచింది. దాహమేస్తున్నా నీళ్లు తాగడానికి లేచే ధైర్యం వెంకటేశ్వరికి లేకపోయింది.

బయట బండి ఆగింది. ముసలామె తలుపు తీసింది. మొదట లోపలికి వచ్చింది పుర్రె మొహం దానా.

ముసలామె గొంతులోంచి వచ్చిన శబ్దాన్ని వెంకటేశ్వరి ఆ తర్వాత చాలా రోజులు మరవలేకపోయింది. "కడగండి! ముందు దాన్ని కడగండి!" అంటూ మనవరాలి భుజాలు పట్టుకుంది. మామా గబగబా సబ్బు తెచ్చింది. సబ్బు కంట్లో పడి దానా గుక్కపెట్టి ఏడ్చింది. "అమ్మా నువ్వొద్దు, వెంకా తీస్తుంది! వెంకాకు తెలుసు!"

చివరికి ముసలామె గడ్డంతో సైగ చేసింది. వెంకటేశ్వరి వంటింట్లోంచి నూనె, దూది తెచ్చి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ముసలామె తల మీదికి వంగి ప్రతి కదలికా చూస్తోంది. పళ్లు కరిగాయి. కంటిగుంటలు కరిగాయి. కొంచెం కొంచెంగా దానా తిరిగి వచ్చింది, ఎర్రబడిన ముక్కుతో, వెక్కిళ్లతో. మెడ తుడుద్దామని పిల్ల జుట్టు పక్కకు తీసినప్పుడు చెవి వెనక చుక్క బయటపడింది.

"ఇదేమిటి?" ముసలామె వేలు పెట్టి చూపించింది.

దానాకు తెలియదు. మామా వంగి చూసి నొసలు ముడిచింది. "ఇది నేను చెప్పలేదే" అంది.

వెంకటేశ్వరి దూది కింద పెట్టింది. మిగతావన్నీ ఇంకొకరు చెప్పగా చేసినవి. ఈ చుక్క ఒక్కటే తను సొంతంగా, ఎవరికీ కనిపించకుండా పెట్టింది. ఎవరికీ కనిపించకుండా పెట్టినదాన్ని ఏమంటారో ఆమెకు తెలుసు. చెప్పుకోవడానికి తన దగ్గర ఉన్న అరబ్బీ ఎంత? ఉప్పు, చీపురు, ఇస్త్రీ, రేపు, సరే. ఆ నాలుగు మాటల్లో వెతుక్కుంటుంటే ఒక్క మాట దొరికింది.

"ఐన్" అంది. కన్ను అని, దిష్టి అని. మళ్లీ చెప్పింది. "ఐన్ మామా. చచ్చిన మొహం వేసినాను, బిడ్డకు చెడు కన్ను తగులుతుందని భయం. చుక్క పెడితే తగలదు. మా ఊళ్లో నా బిడ్డకూ ఇట్లనే పెట్టినాను."

ముసలామె చుక్క మీద నుంచి వేలు తీసింది.

"మీ దేశంలో కూడా ఐన్ ఉందా?"

"ఉంది మామా."

"నీకు ఎంతమంది పిల్లలు?"

"ఒక్కతే. కూతురు."

ముసలామె సోఫాలో కూలబడింది. "దీనికి చుక్కలు పెట్టకూడదు. దువా చదవాలి" అంది, కాఠిన్యం తగ్గిన గొంతుతో. దానాను దగ్గరికి తీసుకుని, తన బొటనవేలితో ఆ చుక్క తుడిచేసి, పిల్ల నుదుటి మీద చెయ్యి ఉంచి పెదవులు కదిపింది. అది అయ్యాక తల ఎత్తింది. "అయితే ఈ చచ్చిన మొహం వెయ్యమని నీకు ఎవరు చెప్పారు?"

వెంకటేశ్వరి నేల చూపులు చూసింది. మామా వైపు చూస్తే వేలెత్తి చూపినట్టే అవుతుంది. మామా మాట్లాడలేదు. మాట్లాడదేమో అనుకుంది వెంకటేశ్వరి. ఇక తనకు ఖలాస్ అనుకుంది.

"నేనే చెప్పాను ఖాల్తీ" అంది మామా అత్తగారితో, చివరికి. "బొమ్మలు కూడా నేనే చెయ్యమన్నాను. తనకు వీటి గురించి ఏమీ తెలియదు."

ఆ తర్వాత అత్తాకోడళ్ల మధ్య ఏం జరిగిందో వెంకటేశ్వరి చూడలేదు, తలుపులు మూసుకున్నాయి. గొంతులు మాత్రం వినిపించాయి. దానా తండ్రి బాబా వచ్చాక ఆయన గొంతు కూడా కలిసింది. ఆమె మేడ మీద తన గదిలో, తన సూట్‌కేసు ముందు కూర్చుంది. బట్టలు సర్దుకోవాలో వద్దో తెలియలేదు.

మరునాడు గేటు దగ్గర సంగతంతా విని మెహరాజ్ అన్నాడు. "మామా నీ పక్క నిలబడింది గదమ్మా. ఇంకేంది బయం?"

"అదే అన్నా బయం. నా మూలాన ఆమె అత్త ముందర తల దించుకుండాది. అట్లాంటిదాన్ని ఎవరన్నా ఇంట్లో పెట్టుకుంటారా? ఈ దేశంలో ఉండేదానికి ఇచ్చిన ఇఖామా డిసెంబర్లో అయిపోతాది. అప్పుడు పొమ్మంటారు."

ఆ నెలన్నర ఆమె అలా బతికింది. మామా పని చెప్పేది, కానీ మొహంలోకి చూసేది కాదు. మామా కబీర్ ఆమె చేతి టీ ముట్టుకోకుండా, తనే వంటింట్లోకి వచ్చి కాచుకునేది. ఎవరైనా ఫోన్లో మెల్లగా మాట్లాడితే అది తన టిక్కెట్ గురించేనని అనిపించేది. మునీంద్ర ఫోన్ చేస్తే అంతా బాగుంది అని చెప్పేది. డిసెంబరు రెండో వారంలో మెహరాజ్ వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఇఖామా ఇంకో రెండేళ్లకు పొడిగించారు. ఆ సంగతి ఆమెకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అడిగే ధైర్యమూ ఆమెకు లేదు. ఆ కాగితం పట్టుకుని నీళ్ల ట్యాంకు వెనక నిలబడి ఏడ్చింది.

ఫిబ్రవరిలో జాతీయ దినం వచ్చింది. ఊరంతా జెండాలు, వీధుల్లో హారన్ల మోత, పిల్లల బుగ్గల మీద ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు, నలుపు పట్టీలు. పొద్దున వెంకటేశ్వరి హాల్లో దుమ్ము తుడుస్తుంటే కింది గదిలోంచి పిలుపు వచ్చింది. వెళ్లి చూస్తే మామా కబీర్ మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా చిన్న పీట మీద కొత్త గౌను వేసుకుని దానా. పక్కన కొత్త రంగుల పెట్టె.

"జెండా వెయ్యి" అంది ముసలామె. "వీధిలో ఇద్దరు పిల్లలను చూశాను, వాళ్ల బుగ్గల మీద ఎవరో వంకరటింకరగా వేశారు. నీ చెయ్యి బాగుంటుంది."

వద్దు మామా అనాలనుకుంది వెంకటేశ్వరి. అయినా పీట ముందు కూర్చుని బ్రష్ తడిపింది. ఆకుపచ్చ పట్టీ బాగానే వచ్చింది. తెల్లది వేసేటప్పుడు వెనక నుంచి సన్నగా వినిపించింది. ముసలామె పెదవులు కదుపుతూ దువా చదువుతోంది. ఎవరికోసం చదువుతోందో, ఎవరి నుంచి కాపాడమని చదువుతోందో వెంకటేశ్వరికి తెలియలేదు. అది వింటుండగా గీత కొంచెం పక్కకు పోయింది.

"వంకరపోయింది వెంకా" అంది దానా, అద్దంలో చూసుకుని.

"ఉండనీ" అంది మామా కబీర్. "యల్లా, కానియ్, ఎరుపు కూడా వెయ్యి."